లేబుల్ కత్తిరించిన పరుపు

కార్లో, ఐర్లండ్
12 అక్టోబర్ 2020

ప్రిస్కిల్లా,

వందనాలు. క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను, ముందు నా కోపం చదువు.

నిన్న నర్సింగ్ హోములో డ్యూటీ దిగి పాల కోసం వెళ్తే, మా వీధి చివర ఫర్నిచర్ షాపు అద్దానికి ఒక కాగితం కనిపించింది. షాపు వేళలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. మాస్కు లేకుండా లోపలికి రావద్దన్నది ఇంకా పెద్ద అక్షరాల్లో ఉంది. వాటి కింద, కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనపడనంత చిన్నగా, బాతు బొమ్మ కంపెనీ పరుపులు వెనక్కి తీసుకుంటున్నారని రాసి ఉంది. నిరుడు అమ్మినవి నిప్పు పరీక్షలో తప్పాయట. చిన్న మంట తగిలినా పై గుడ్డ అంటుకుని, లోపలి ఫోము నిమిషాల్లో నల్లటి పొగ కక్కుతుందట. ఎవరి దగ్గరుంటే వాళ్ళు ఆ క్షణం నుంచి దానిమీద పడుకోవడం మానాలి, పడగ్గదిలోంచి బయట పెట్టాలి, కాళ్ళవైపు కుట్టులో ఉన్న లేబుల్ మీద బ్యాచ్ నంబరు చూసి కంపెనీకి ఫోన్ చేయాలి. ఎవరికీ ఇవ్వకూడదు, అమ్మకూడదు. మనుషులు కాలిపోయే సంగతి షాపు వేళల కింద రాస్తారా? కొన్నవాళ్ళందరి అడ్రసులూ ఉన్నాయి కదా వాళ్ళ దగ్గర, ఇంటింటికీ వచ్చి తలుపు కొట్టొద్దా?

నాకెందుకింత మంట అంటావా. ఆగస్టులో వెంకట రమణ కూరగాయల వ్యానులో నువ్వు మాకు పంపిన పరుపు మీద ఆ బాతే ఉంది. మా ఇంట్లో కొత్తగా దిగిన గిరిజాకుమారి దానిమీదే పడుకుంటోంది. నరసరావుపేట పిల్ల, నాతోపాటే నర్సింగ్ హోములో నర్సు. మన తెలుగు చర్చి ఫెలోషిప్పు కాదు, అయినా ఇల్లు చూపించి, కుక్కరూ పరుపూ సమకూర్చి నిలబెట్టింది మన ఫెలోషిప్పే కాబట్టి ఆ పిల్ల మన బాధ్యత. ఇప్పుడు వార్డులో ఒకరికి కోవిడ్ వచ్చిందని పద్నాలుగు రోజులు గది దాటొద్దన్నారు. పైన సామాన్లు పెట్టే చిన్న బాక్స్‌రూములో ఉంది. అక్కడ రేడియేటరు పాడై అయిదు వారాలైంది. ఇల్లుగలాయన్ని అడిగితే, అంతా బాగానే ఉన్నట్టు 'గ్రాండ్, గ్రాండ్' అంటాడు, మనిషిని మాత్రం పంపడు. అందుకని పరుపు పక్కనే కరెంటు హీటరు పెట్టుకుంది.

మాస్కూ గ్లవ్సూ వేసుకుని, కిటికీ తెరిపించి, పరుపెత్తి చూశాను. లేబుల్ లేదు. కత్తెరతో నీటుగా కత్తిరించేసి ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి, నంబరు లేకపోతే ఏమీ చెప్పలేమన్నారు. హీటరు నేను తీసుకొచ్చేశాను. నా మంచం మీద పడుకోమంటే, నా నడుం సంగతి తెలుసు కాబట్టి ఆ పిల్ల ఒప్పుకోదు. కింద సోఫాలోకి రావడానికి లేదు. నీ దగ్గర రసీదో, నంబరో ఉంటే వెంటనే రాయి. ఈ కంపెనీని నేను వదలను.

నేను బాగానే ఉన్నాను. మా తమ్ముడు మోజెస్‌ని వేళకి తినమను.

మీ వదిన
మార్త


క్యారిగలైన్, కార్క్
17 అక్టోబర్ 2020

వదినగారికి,

దేవుని దయవల్ల అందరం బాగున్నాం. జెర్రీకి ముందు పన్ను ఊడింది. దిండు కింద పెట్టుకుని పొద్దున్నే, పన్ను తీసుకెళ్ళే ఫెయిరీ బదులుగా ఏమిచ్చిందో చూసుకున్నాడు. అబిగేయిల్ క్లాసులో ఒకరికి దగ్గు వచ్చిందని ఆ బల్ల దగ్గర కలిసి కూర్చునే పిల్లల పాడ్ మొత్తాన్ని ఇంటికి పంపారు. ఇల్లంతా దాని గోలే. మీ తమ్ముడికి రింగాస్కిడీ మందుల ప్లాంటులో ఆడిట్ నడుస్తోంది, ఇంటికొచ్చినా ఫోను వదలడం లేదు. మీరు పంపిన గోంగూర పచ్చడి రెండు సీసాలూ అయిపోయాయి.

పరుపు గురించి మీరు అంత కంగారు పడకండి. లేబుల్ పిల్లల కాళ్ళకి గీసుకుంటోందని నేనే తీసేసి ఉంటాను, గుర్తులేదు. రసీదు ఎక్కడుందో కనపడలేదు. ఈ దేశంలో వేరుశెనగ పొట్లం మీద కూడా లోపల వేరుశెనగలున్నాయి జాగ్రత్త అని రాస్తారు కదా, ఇదీ అలాంటిదే. అయినా మీరు హీటరు తీసేయడం మంచిదైంది. మళ్ళీ పెట్టనివ్వకండి. కొవ్వొత్తి గానీ, అగరొత్తి గానీ ఆ గదిలో వద్దనండి. ఫోను పరుపు మీద ఉంచి ఛార్జింగు పెట్టొద్దని కూడా చెప్పండి.

నేను కొత్త పరుపు ఒకటి ఆర్డరు పెట్టాను, పదిరోజుల్లో మీ ఇంటికే వస్తుంది. అది రాగానే పాతది వెంకట రమణకి చెప్పి పడేయించండి. కంపెనీకి మళ్ళీ ఫోన్ చేసి మీ టైము పాడుచేసుకోకండి. మీ తమ్ముడితో కూడా అనకండి, అసలే టెన్షన్లో ఉన్నారు.

మీ
ప్రిస్కిల్లా


కార్లో
23 అక్టోబర్ 2020

ప్రిస్కిల్లా,

ఫోన్ చేయడం లేదు. చేస్తే ఏడుస్తావు, నేను కరిగిపోతాను. కాబట్టి కూర్చుని చదువు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వేరుశెనగ పొట్లం లాంటిదే అన్నదానివి, కొవ్వొత్తి వద్దు, అగరొత్తి వద్దు, ఫోను వద్దు అని ఎందుకు రాశావు? కంపెనీకి ఫోన్ చేయొద్దని ఎందుకన్నావు? అనుమానం వచ్చి మళ్ళీ చేశాను. ఈసారి నీ పేరూ, మీ ఇంటి పోస్టల్ కోడూ ఇచ్చాను. కార్క్ యాసలో మాట్లాడే పెద్దావిడ ఎవరో తీసింది. 'ఆ ఇంటికి రెండు కొత్త పరుపులు జూలైలోనే ఇచ్చేశాం లవ్, రెండు లేబుళ్ళూ మాకు పోస్టులో అందాయి, మీ కేసు క్లోజ్ అయిపోయింది, యూ ఆర్ గ్రాండ్' అంది. నేను గ్రాండ్‌గా లేను ప్రిస్కిల్లా.

అంటే, ఆవిడ చెప్పిన ప్రకారం, జూన్లోనే నీకు కంపెనీ ఉత్తరం వచ్చింది. లేబుళ్ళు కత్తిరించింది పిల్లల కాళ్ళకి గీసుకుని కాదు, కొత్త పరుపుల కోసం. పాతవి కోసి, పనికిరాకుండా చేసి, చెత్త కేంద్రంలో వేయాలని ఆవిడే చెప్పింది. నువ్వు కోయలేదు. వ్యానెక్కించి మాకు పంపావు. పంపి, జూమ్ ప్రార్థనలో సాక్ష్యం చెప్పావు. ఉన్నదాంట్లో మంచిదే ఇవ్వాలని దేవుడు నీ మనసులో పెట్టాడన్నావు. ముప్పై ఇళ్ళవాళ్ళు ఆమెన్ అన్నారు. నేను అందరికంటే గట్టిగా అన్నాను. మా మరదలు అని చెప్పుకున్నాను.

మోజెస్ ప్లాంటులో చేసేదేమిటి? లేబుల్ లేని సీసా ఒక్కటి కనపడితే బ్యాచ్ మొత్తం ఆపే ఉద్యోగం వాడిది. వాడికి తెలిసే జరిగిందా ఇది?

ఆ పూటే పరుపు లాగి పెరట్లో పడేశాను. గిరిజ మంచం పలకల మీద నాలుగు దుప్పట్లు మడిచి వేసుకుని పడుకుంటోంది. ఇంకో మాట. ఆవిడ రెండు లేబుళ్ళంది. రెండోది ఏమైంది? దాన్నయినా కోశావా?

మార్త


క్యారిగలైన్
27 అక్టోబర్ 2020

వదినగారూ,

మీరు తిట్టినవన్నీ నాకు తగినవే. మీ తమ్ముడికి తెలియదు, నేను సాక్ష్యం చెప్పిన పూట ఆయన డ్యూటీలో ఉన్నారు. కోసి పడేయమనే చెప్పారు, కత్తి కూడా తెచ్చి ఇచ్చారు. వాళ్ళొచ్చి తీసుకెళ్ళిపోయారని చెప్పాను. వ్యానువాడు తీసుకెళ్ళాడు కాబట్టి అబద్ధం కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఎలా జరిగిందో రాస్తాను. కొత్త పరుపులు తెచ్చినవాళ్ళు కోవిడ్ అని లోపలికి రాలేదు, గేటు దగ్గర దించి వెళ్ళిపోయారు. పాతవి తీసుకెళ్ళమంటే మా పని కాదన్నారు. వాళ్ళకి లేబుల్ అందితే చాలు, పరుపు ఎక్కడికి పోయిందో అడగలేదు. రెండు పరుపులూ పెరట్లో గోడకి ఆనించి కత్తి పట్టుకుని కూర్చున్నాను. ఎనిమిది నెలలు కూడా వాడలేదు, మరక లేదు, ఎక్కడా కుంగలేదు. చిన్నప్పుడు మా ఇంట్లో ఏడుగురం రెండు బొంతల మీద పడుకునేవాళ్ళం. మా అమ్మ చిరిగిన దుప్పటి కూడా బయట పారేయలేదు, కోసి పక్కబట్టలు కుట్టేది. అలాంటి ఇంట్లో పుట్టి, మెత్తటి పరుపుని నిలువునా కోయమంటే నాకు చెయ్యి రాలేదు. ఈ దేశంవాళ్ళు ప్రతిదానికీ భయపడతారు, దీనికీ భయపడి ఉంటారనుకున్నాను. ఆ ఆదివారమే పాస్టరుగారు, కార్లోలో మార్త సిస్టరు ఇంటికి కొత్తమ్మాయి వస్తోంది, పరుపు కావాలన్నారు. దేవుడే దారి చూపించాడనుకున్నాను. నిజంగానే అనుకున్నాను వదినగారూ.

గిరిజకి మాత్రం చెప్పకండి. ఆ పిల్ల నాకు పంపిన థాంక్యూ కార్డు ఇంకా ఫ్రిజ్ మీద ఉంది. ఫెలోషిప్పులో తెలిస్తే మీ తమ్ముడు తల ఎత్తుకోలేరు. నన్ను మీరు విడిగా ఎన్ని మాటలైనా అనండి, పడతాను.

రెండోదాని సంగతి తర్వాత రాస్తాను.

ప్రిస్కిల్లా


కార్లో
30 అక్టోబర్ 2020

ప్రిస్కిల్లా,

తర్వాత రాస్తావా? నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, తీయలేదు. ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను, రేపటికి నీ చేతిలో ఉంటుంది. ఆ రెండో పరుపు మీద ఇప్పుడు ఎవరు పడుకుంటున్నారు? సోమవారం పొద్దున్నకి నాకు ఫోన్ రాకపోతే మోజెస్‌కి చేస్తాను, పాస్టరుగారికీ చేస్తాను, ఫెలోషిప్పు గ్రూపులో అందరికీ కనపడేలా పెడతాను. మీ పరువు గురించి ఆలోచించే ఓపిక నాకు లేదు.

గిరిజకి చెప్పొద్దన్నావు. చెప్పాను. నీ ఉత్తరం ఆ పిల్ల చేతికిచ్చాను. తన ప్రాణం సంగతి తనకి తెలియకుండా మనిద్దరం ఉత్తరాలు రాసుకోవడానికి మనమెవరం? గుంటూరులో కాలిన గాయాల వార్డులో నాలుగేళ్ళు చేసిందట, నాకూ ఇప్పుడే తెలిసింది. చదివి మడిచి ఇచ్చేసింది. 'మీ మరదలుగారు చెడ్డావిడ అనుకోనక్కా. ఆవిడ ఆ వార్డు చూడలేదు' అంది. ఆ రాత్రి అన్నం మాత్రం తినలేదు.

కంపెనీని నేను వదిలిపెట్టానని అనుకోకు. లేబుల్ తీసుకుని పరుపుని జనం చేతుల్లో వదిలేసినవాళ్ళకి ఎనిమిది పేజీలు రాశాను. గేటు దాకా కొత్తవి తెచ్చిన లారీ పాతవి ఎక్కించుకుని ఎందుకు వెళ్ళలేదని అడిగాను. పరుపులకి సంబంధించిన ప్రభుత్వ ఆఫీసు ఏదుంటే దానికీ కాపీ పంపిస్తాను. కానీ కంపెనీకి ముక్కూ మొహం తెలియని మనుషులం మనం. నీకు ఆ గదిలో పడుకునేది ఎవరో తెలుసు.

చెయ్యి రాలేదన్నావు. నిన్న పెరట్లో రొట్టె కోసే కత్తితో నేను కోశాను. రెండు నిమిషాలు పట్టలేదు. మీ అమ్మ దుప్పటి కోసింది పిల్లల్ని కప్పడానికి. ఆవిణ్ణి దీంట్లోకి లాగకు. ఏడుగురు బొంతల మీద పడుకున్నామని నాకు చెప్పకు, మోజెస్‌నీ నన్నూ మా అమ్మ గోనెపట్టా మీద పడుకోబెట్టింది. బీదతనం మనందరికీ ఉంది. అది చూపించి తప్పించుకోవడానికి నేనొప్పుకోను.

ఒక్కటి అడుగుతాను. ఆడపడుచుగా అడగడం లేదు. జూన్లో ఆ ఉత్తరం వచ్చాక, ఈ దేశంవాళ్ళు ప్రతిదానికీ భయపడతారని నువ్వనుకున్నాక, జెర్రీనీ అబిగేయిల్‌నీ ఆ పరుపుల మీద ఇంకొక్క రోజు పడుకోనిచ్చావా?

మార్త


క్యారిగలైన్
2 నవంబర్ 2020

వదినగారికి,

నిన్న ఫోన్లో మీకు రెండే ముక్కలు చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను.

రెండో పరుపు మిడిల్‌టన్‌లో ఉన్న ఏలీయా వాళ్ళింట్లో ఉంది. మీ తమ్ముడి ప్లాంటులోనే చేస్తాడు, ఆగస్టులో అద్దె ఇల్లు మారారు. కూతురు చరితకి ఆరేళ్ళు, మా జెర్రీ వయసే. దానికి కొత్తగా సొంత గది వచ్చిందని వాళ్ళమ్మ శాంత సంబరంగా చెబితే, పరుపు నేనిస్తానన్నాను. మీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడే వాళ్ళకి చెప్పాల్సింది. శాంతకి ఫోన్ చేశాను కూడా. వాతావరణం గురించి మాట్లాడి, పిల్ల గదిలో హీటరు వాడకు, గాలి పొడిబారుతుంది అని చెప్పి పెట్టేశాను.

మీ ఉత్తరం చదివి నిన్న పొద్దున మీ తమ్ముడికి అంతా చెప్పాను. ఆయన అరవలేదు. కారు తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టి, 'నువ్విచ్చావు, నువ్వే వెళ్ళి చెప్పు. పగలుండగానే వెళ్ళు' అన్నారు. పిల్లలతో ఇంట్లో ఉండిపోయారు.

లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదని తెలుసు. డంకెటిల్ కూడలి దాటాక పోలీసు గార్డులు ఆపారు. వాళ్ళలో ఒకావిడ నా దగ్గరికి వచ్చింది, నా కంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. ఎక్కడికి, ఏమంత అవసరం అని అడిగింది. అబద్ధం ఒకటి సిద్ధంగానే ఉంది, మందులు ఇవ్వడానికని. నోటిదాకా వచ్చింది. చెప్పలేక నిజమే చెప్పాను. కంపెనీ వద్దన్న పరుపు ఒక పిల్లకి ఇచ్చాను, నిప్పు తగిలితే అంటుకుంటుంది, అది పడుకునేలోపు వెనక్కి తీసుకోవాలి అన్నాను. ఆవిడ 'గో ఆన్ సో', అయితే వెళ్ళు అని పక్కకి జరిగింది.

శాంత తలుపు తీసి, చెప్పకుండా వచ్చారేంటండీ, లోపలికి రండి, మాస్కుంది కదా అంది. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. ఉత్తరం జూన్లో వచ్చిందని, లేబుల్ నేనే కత్తిరించానని, కొత్తవి తీసుకున్నాకే ఇది వాళ్ళకిచ్చానని, ఒక్కటీ దాచకుండా చెప్పాను. 'తెలిసే ఇచ్చారా?' అని అడిగింది. తెలిసే ఇచ్చానన్నాను. గబగబా మెట్లెక్కింది. వెనకే వెళ్ళాను.

చరిత ఆ పరుపు మీద బోర్లా పడుకుని బొమ్మలకి రంగులు వేస్తోంది. గదిలో హీటరు వెలుగుతోంది, దానికి ఎదురుగా కుర్చీ మీద తడిసిన స్కూలు స్వెటరు ఆరేసి ఉంది. కుర్చీకీ పరుపుకీ మధ్య జానెడు చోటుంది. శాంత ముందు హీటరు ఆపి, తర్వాత పిల్లని ఎత్తుకుంది. చరిత దిగనని గింజుకుంటూ, 'మామ్, ఇట్స్ గ్రాండ్, ఇట్స్ మై బెడ్' అని ఏడ్చింది. శాంత నాకు సాయం పట్టలేదు. ఒక్కదాన్నే మెట్లమీంచి లాక్కొచ్చాను. వాకిట్లో వాళ్ళ కళ్ళెదురుగానే కోశాను. నేను కోస్తున్నంతసేపూ ఏలీయా కిటికీ దగ్గర నిలబడే ఉన్నాడు. అయిపోయాక తెర వేసేశాడు.

ఈ ఆదివారం ప్రార్థనలో నేనే చెబుతాను. మీరు చెప్పొద్దు. గిరిజకి విడిగా ఉత్తరం రాస్తున్నాను, చదవకపోయినా సరే, ఇవ్వండి.

మీరడిగినదానికి జవాబు. లేదు వదినగారూ. కంపెనీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. సాయంత్రానికల్లా నా పిల్లలిద్దర్నీ దించి నేలమీద దుప్పట్లు పరిచాను. కొత్తవి వచ్చేదాకా అయిదు వారాలు అలాగే పడుకోబెట్టాను. జెర్రీ వీపు నొప్పని ఏడ్చినా మంచం ఎక్కనివ్వలేదు. చరితని మూడు నెలలు పడుకోనిచ్చాను.

ప్రిస్కిల్లా